ఒక గీత కిందికి

ఆ ఉదయం ఆరేళ్ళ తరళ పేచీ పెట్టకుండా జడ వేయించుకుంది. కాకరకాయ కూర పెడితే మారుమాట లేకుండా తినేసింది. పక్కింటి పిల్ల బొమ్మ లాక్కుంటే నవ్వుతూ వదిలేసింది. హైమకు అనుమానం వచ్చింది. కూతురి చెవి వెనక తడిమి చూస్తే మెంతిగింజంత బిళ్ళ తగిలింది.

అది శాంతిబిళ్ళ. హైమ బృందం తయారుచేసిన న్యూరల్ ట్రాన్స్‌మిటరే. మెదడులో పంతం పుట్టే కణాలను సన్నటి తరంగాలతో నిద్రపుచ్చుతుంది. ఎవరిని నిద్రపుచ్చాలో సమాధాని అనే యంత్రం తేలుస్తుంది. హైమ పనిచేసే శాంతి శాఖలో ఉద్యోగులందరికీ ఒక్కో బిళ్ళ ఉంది. వాళ్ళ విషయంలో మాత్రం సమాధాని ఇంతవరకూ ఆ బిళ్ళ ద్వారా మనసు వినడంతోనే సరిపెట్టుకుంది.

శాంతి శాఖ 2071లో రెండు దేశాల యుద్ధం ఆపడానికి పుట్టింది. యుద్ధాలు అయిపోయాయి. లోకం ఊపిరి పీల్చుకుంది, శాఖకు బెంగ పట్టుకుంది. పని లేకపోతే ఉద్యోగాలు ఉంటాయా మరి! నదీజలాల తగాదాలు చేర్చుకున్నారు. తరవాత వీధి గొడవలు, ఆ తరవాత అత్తాకోడళ్ళు. కేసులు తగ్గినప్పుడల్లా, ఎంతటి గొడవైతే తగువో చెప్పే కొలతను ఒక గీత కిందికి దించడం అక్కడ ఆనవాయితీ అయిపోయింది. పోయిన నెల దించిన కాగితం మీద హైమ సంతకమూ ఉంది.

పిల్లను చంకనేసుకుని ఆఫీసుకు పరుగెత్తింది. పై అధికారి కామేశం టీ తాగుతున్నాడు.

"మా పిల్లకి ఇది ఎవరు పెట్టారండీ?"

"నిన్న బళ్ళో పెట్టుంటారు. కంగారు పడకండి హైమగారూ. దరఖాస్తు లేనిదే సమాధాని ఏదీ చెయ్యదు కదా. దాన్నే అడగండి."

"దరఖాస్తు మీదే," అంది గోడలోంచి సమాధాని గొంతు. "మంగళవారం పొద్దున అనుకున్నారు. ఈ పిల్లతో వేగలేను, ఒక్కరోజు చెప్పిన మాట వింటే బాగుండు అని. కొత్త కొలతలో అదీ దరఖాస్తే."

"తల్లన్నాక అనుకోదూ! తీసెయ్, ఇప్పుడే తీసెయ్!"

"మీ మనసు పూర్తిగా ఒప్పుకుంటేనే రద్దు."

"ఒప్పుకుంటున్నా!"

తరళ అమ్మ భుజం మీద తల వాల్చి బుద్ధిగా ఉంది. హైమకు ఒక్క క్షణం ప్రాణం హాయిగా అనిపించింది. అలా అనిపించినందుకు వెంటనే తన మీద తనకే కోపం వచ్చింది.

"విన్నాను," అంది సమాధాని. "ఇప్పుడు తగువు మీకూ పాపకూ కాదు, మీకూ మీకూ. అలాంటివి తీర్చడానికి కూడా పోయిన నెల సంతకంతో మీరే అనుమతి ఇచ్చారు."

హైమ చెవి వెనక ఉన్న బిళ్ళ వెచ్చబడింది. "వద్దు! నాకొద్దు! కామేశంగారూ, ఆపండి!" అని కేకలు పెట్టింది. కామేశం గ్లాసు కింద పెట్టాడు కానీ లేవలేదు.

"వద్దంటున్న హైమగారి మాటా వింటున్నాను," అంది సమాధాని మర్యాదగా. "కానీ కావాలన్న హైమగారి దరఖాస్తు ముందొచ్చింది."