నాలుగు కాలిన అగ్గిపుల్లలు

ఉదయం 6.40. ఆడవాళ్ళ వార్డులో ఏడో నంబరు మంచం ఖాళీ. బాత్‌రూం గడప మీద నెత్తుటి చుక్కలు.

లోపల గోడకి జారగిలబడి పోతమ్మ. గర్భసంచి కేన్సర్‌కి ఆపరేషన్ అయి ఐదు రోజులే. పొట్ట మీద కుట్లు విడిపోయాయి.

వెంటనే మళ్ళీ కుట్టారు. ప్రాణం దక్కింది. కానీ నర్సు నిర్వాకమే అంటూ కొడుకు అర్జునరావు పోలీసు కంప్లయింట్ ఇచ్చాడు. సాయంత్రం ఐదింటికి నర్సు ఆశాజ్యోతి చేతికివ్వడానికి సస్పెన్షన్ ఆర్డరు సిద్ధం. ఎంక్వైరీ లేదు, పాడూ లేదు!

మధ్యాహ్నం 3.30కి ఎస్సై ధనశ్రీ వచ్చింది. ఆవిడకి కాలు ఒకచోట నిలవదు. కుర్చీ వేసినా కూర్చోకుండా, తిరుగుతూనే ప్రశ్నలు మొదలుపెట్టింది.

“పోతమ్మని ఎన్నింటికి లేపావు?”

“6.10కి మేడమ్. డాక్టరుగారే రోజూ నడిపించమన్నారు. మంచం దగ్గర దిగబెట్టే వెళ్ళాను.” అంది ఆశాజ్యోతి.

“అబద్దం! సెయ్యట్టుకుని ఇసురుగా నాగేసుంటాది,” అర్జునరావు అరిచాడు.

“నువ్వు చూశావా?”

“నేదు. టీకెళ్ళాను. మరి కుట్లు వాటంతటవే ఇడిపోతాయేటి?”

న్యాయమైన ప్రశ్నే. ధనశ్రీ డాక్టరు వైపు తిరిగింది.

సర్జన్ శ్రీరామ్మూర్తి కేసు షీటు తిరగేశాడు. “లావు, షుగర్, రక్తం తక్కువ, పొగ అలవాటు. ఏదున్నా గాయం మానడం కష్టం. ఈమెకి ఏవీ లేవు. కానీ దగ్గు మాత్రం తగ్గదు!”

ధనశ్రీ బాత్‌రూంలోకి వెళ్ళింది. కిటికీ గట్టు మీద నాలుగు కాలిన అగ్గిపుల్లలు. మూలమూలా వెతికింది. బూడిద లేదు. బీడీ ముక్క లేదు.

వెలిగించినదేదో ఉంది. రాలినది లేదు. ఎలా?

గబగబా వచ్చి ఏడో మంచం తలగడ ఎత్తింది. సగం కాల్చి ఆర్పిన చుట్టలు!

అక్కడి నుంచి నేరుగా పోతమ్మ ఉన్న ఐసీయూకి. మిగతావాళ్ళు వెనకే పరుగెత్తారు.

“పోతమ్మా, ఒక్కసారి నోరు తెరువు.”

టార్చి వేసింది. అంగిలి సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. మధ్యమధ్య ఎర్రటి చుక్కలు.

“అడ్డచుట్ట!” అన్నాడు డాక్టరు.

“అవును,” అంది ధనశ్రీ. “నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చే చుట్ట. బూడిద నోట్లోనే రాలుతుంది. నడిచాక ఈమె ఒక్కతే బాత్‌రూంకి వెళ్ళి వెలిగించింది. దగ్గు తెర కమ్మింది. పొగకి మానని గాయం కాస్తా విడిపోయింది. ఇవాళ్టి ముక్క నీళ్ళలో పోయింది. రోజుకొకటి చొప్పున పుల్లలు గట్టు మీద మిగిలాయి. చుట్ట సంగతి ముందే ఎందుకు చెప్పలేదమ్మా?”

“సిగరెట్టు, బీడీ తాగుతావా అన్నారు. అయి మగోళ్ళవి కదమ్మా! సేపల ఏటకెల్లిన మా మడిసి కోసం ఒడ్డున సలిలో కూకున్నకాడి నుంచీ నాది సుట్టే. సుట్ట గురించి ఎవులడిగేరు? ఆ పిల్లనేటీ అనకండి. పువ్వులా నడిపించింది.”

ధనశ్రీ అర్జునరావు వైపు తిరిగింది. “నీకూ తెలుసుగా?”

“మా పేటలో ముసలోళ్ళందరూ కాలుత్తారు మేడమ్. అదీ ఓ అలవాటేనా అనుకున్నాను.” తల వంచుకున్నాడు.

4.50. సస్పెన్షన్ ఆర్డరు చింపేశారు. ఆశాజ్యోతి సంతోషించలేదు. కేసు షీటు పట్టుకుని ఏడ్చేసింది.

“పొగ దగ్గర ‘లేదు’ అని రాసింది నేనే మేడమ్. మాది కంచరపాలెం. మా అమ్మమ్మదీ అడ్డచుట్టే. అయినా అడగాలని తోచలేదు.”

ధనశ్రీ మొదటిసారి కుర్చీ లాక్కుని కూలబడింది.

ఆశాజ్యోతి కళ్ళు తుడుచుకుని వార్డుకి వెళ్ళింది. ఎనిమిదో నంబరు మంచం మీది చిట్టెమ్మకి వచ్చే వారం ఇదే ఆపరేషన్.

“పెద్దమ్మా, సుట్ట కాలుత్తావా?”

చిట్టెమ్మ అటూ ఇటూ చూసి, కొంగు ముడి విప్పింది.