రొయ్యల మందు

కొవ్వూరు గోష్పాద రేవులో హరిబాబు చనిపోయి అప్పటికి పావుగంట అయి ఉంటుంది. ఆ సంగతి పక్కమెట్టు మీద కూర్చున్న ఇంద్రజకి తప్ప ఇంకెవరికీ తెలియదు.

సోమవారం ఉదయం పదకొండు. స్నానాలు చేసేవాళ్ళు చేస్తున్నారు. గోడకి వీపు ఆనించి, గోదావరి వంక చూస్తున్నట్టే ఉన్నాడు హరిబాబు. పక్కన తాగేసిన కొబ్బరిబొండం, అందులో స్ట్రా. ఇంద్రజ అతన్ని పలకరిస్తున్నట్టు వంగి మణికట్టు పట్టుకుంది. నాడి లేదు. పెదవులు నీలంగా ఉన్నాయి. చొక్కా జేబు సగం బయటికి వచ్చి ఉంది. ఫోన్ లేదు. ఎవరో తనకంటే ముందే వెతికేశారు.

వెతికినవాళ్ళు అతని టిఫిన్ క్యారియర్ జోలికి మాత్రం పోలేదు. ఇంద్రజ దాన్ని తనదే అన్నట్టు అందుకుని, తొందరపడకుండా మెట్లెక్కింది. బస్టాండు వెనక మూత తీసి పెరుగన్నంలో వేలు పెట్టి కెలికితే గాజు తగిలింది. చిన్న సీసా. లేబుల్ మీద రొయ్య బొమ్మ. 'వైట్ గట్ వ్యాధికి. చెరువులలో వాడుటకు మాత్రమే.'

రాజమండ్రి మెయిన్ రోడ్డులో ఓ చీరల కొట్టు పైన ఇన్సూరెన్స్ ఆఫీసు ఉంది. అక్కడ ఎవరూ పాలసీలు కట్టరు. అది నిఘా డిపార్ట్‌మెంట్ బ్రాంచి. చీఫ్ కుక్కుటేశ్వరరావుది మెత్తటి గొంతు. చావు కబురు చెప్పినా, రేపు వాన పడుతుందని చెప్పినా ఒకేలా చెబుతాడు.

"హరిబాబు మన ఇన్‌ఫార్మర్. సత్తిరాజు గారని పెద్ద రొయ్యల వ్యాపారి ఉన్నారు, ఆయన మందుల గొడౌన్లో కెమిస్టు. ఈ సీసా నీకివ్వడానికే వచ్చాడు," అన్నాడు సాయంత్రం. "లేబ్ రిపోర్టు ఇప్పుడే వచ్చింది. ఇది రొయ్యల మందు కాదమ్మాయ్."

"మనుషులకా అండి?"

"వెయిట్‌లిఫ్టర్లకి. ఓ విదేశీ రింగ్ తయారుచేస్తోంది. కోడ్ నేమ్ బ్యాచ్ నైన్. కండకి ఎక్కడలేని బలమొస్తుంది. రెండు గంటలు దాటితే ఏ టెస్టులోనూ దొరకదు. కొనడానికి దేశాల టీములే క్యూలో ఉన్నాయి. అయితే ముందు మనుషుల మీద వాడి చూపించాలి గదా."

అతను టేబుల్ మీద మూడు ఫొటోలు పరిచాడు.

"పద్నాలుగు నెలల్లో ముగ్గురు. ఆఖరమ్మాయి రూతు. పందొమ్మిదేళ్ళు. పాలకొల్లు దగ్గర పాత రైసుమిల్లులో సత్తిరాజు గారు అకాడమీ పెట్టారు. అక్కడే బార్ ఎత్తుతూ పడిపోయింది. గుండెపోటని రాశారు. ఆ గుండె ఎంత ఉబ్బిపోయిందో మాత్రం రాయలేదు."

ఇంద్రజ ఫొటో చేతిలోకి తీసుకుంది. మెడలో సిలువ, చేతులకి సుద్దపొడి, నవ్వు.

"ఆదివారం ఇక్కడ ఇండోర్ స్టేడియంలో రాష్ట్ర పోటీలు. బయ్యర్ ఆరోజు వస్తాడు. ఇంజక్షన్ ఎవరికి, ఎక్కడ చేస్తారో మనకి తెలియాలి. రేపట్నుంచి నువ్వు అకాడమీ మెస్సులో వంటమనిషివి. పేరు లోవమ్మ, ఊరు తుని. లోపల మన మనిషి ఇంకొకామె ఉంది. క్రిస్టినా, న్యూట్రిషనిస్టు. ఏడాదిగా మనకి రిపోర్టులు పంపుతోంది. 'కోటిపల్లి పంటు ఎన్నింటికండి' అని అడుగు. 'పంటు లేదు, పడవే' అంటుంది."

"నన్నే ఎందుకు పంపుతున్నారండి?"

"నీకు తెలుసు."

తెలుసు. ఇంద్రజకి ముప్ఫై ఆరేళ్ళు. ఇరవై ఏళ్ళప్పుడు ఆమె కూడా బార్ ఎత్తింది. కోచ్ విటమిన్లని చెప్పి మూడేళ్ళు సూదులు పొడిచాడు. నమ్మింది. తర్వాత నమ్మినట్టు నటించింది. రెండు పతకాలు వచ్చాయి. గొంతు మాత్రం పోయింది. ఫోన్‌లో కొత్తవాళ్ళు ఇప్పటికీ ఆమెని 'సార్' అంటారు.

చీఫ్ ఒక పిన్నీసు ఇచ్చాడు. చూడ్డానికి మామూలు పిన్నీసే. తలకాయలో కెమెరా, లోపల మైకు. "నల్లపూసలకి తగిలించుకో. 'పాలు విరిగాయి' అన్నావంటే మా వాళ్ళు లోపలికొస్తారు."

*

రైసుమిల్లులో ఇప్పుడు ఊక వాసన లేదు. ఇనుము వాసన, చెమట వాసన. పొద్దున్నే పదకొండు మంది ఆడపిల్లలు వరసగా కూర్చుని, మనిషికి ఆరు గుడ్లు చొప్పున మాట్లాడకుండా తింటారు. వాళ్ళకి సత్తిరాజు దేవుడు. షూస్ ఆయనే కొంటాడు, ఫీజులు ఆయనే కడతాడు, పండక్కి బట్టలు ఆయనే పెడతాడు.

క్రిస్టినా మెస్సులోకి వస్తే పిల్లలందరూ తలెత్తి చూస్తారు. తెల్లటి లినెన్ కుర్తా, నల్ల కళ్ళద్దాలు, భుజం దాకా కత్తిరించిన జుట్టు. ఆమె దగ్గర ఖరీదైన సెంటు వాసన వస్తుంది. ఇంద్రజ కాఫీ అందిస్తూ మెల్లగా అడిగింది.

"కోటిపల్లి పంటు ఎన్నింటికండి?"

"పంటు లేదు, పడవే." క్రిస్టినా పెదవులు దాదాపు కదల్లేదు. "శనివారం సాయంత్రం, ఇక్కడే ఇస్తారు. తబితకి. చీఫ్‌కి చెప్పండి. కాఫీలో షుగర్ ఎక్కువైంది లోవమ్మా."

తబితకి ఇరవై ఏళ్ళు. తల్లి కూలికెళ్తుంది, తండ్రి లూథరన్ చర్చిలో గంట కొడతాడు. అన్నం ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకునేది ఆ పిల్లొక్కతే. గురువారం మధ్యాహ్నం గిన్నెలు కడగడంలో సాయానికి వచ్చింది. గడ్డం కింద రేజరు గాటు. ఇంద్రజ చూసింది. ఆమె చూసిన సంగతి తబిత గమనించింది.

"క్వైర్‌లో పాడతావంటగా?"

"పాడేదాన్నక్కా. ఇప్పుడు నా గొంతు మగవాళ్ళ వరసలో కలుస్తోంది. పాస్టరు గారు ఏమీ అనలేదు. నేనే మానేశా."

"మరి ఆ సూదులు మానేయొచ్చు గదా."

తబిత చాలాసేపు ఒకే గిన్నె తోమింది. "మీకెలా తెలుసో నాకు తెలీదు గానీ, మానేస్తే ఏంటక్కా? ఆదివారం మెడల్ వస్తే రైల్వేలో ఉద్యోగం. మా అమ్మకి మోకాళ్ళు పోయాయి. ఒంగి నాట్లెయ్యలేదు. పైగా క్రిస్టినా మేడం నన్ను సొంత చెల్లెల్లా చూస్తారు. సోమవారం కొవ్వూరు తీసికెళ్ళి ఈసీజీ తీయించారు. వచ్చేటప్పుడు రేవు దగ్గర కారాపి, ఎవరో తెలిసినాయనంట, ఆయనకి కొబ్బరిబొండం కొనిచ్చి పావుగంట మాట్లాడొచ్చారు. ఎంత మంచావిడో."

ఇంద్రజ చేతిలోంచి గరిటె సింకులో పడింది. తబిత దాన్ని తీసి, కడిగి, పక్కన పెట్టింది.

*

పాలకొల్లు మార్కెట్లో అరటిగెలలు దించుతున్న లారీ వెనక నిలబడి ఇంద్రజ ఫోన్ చేసింది. బొండం సంగతంతా చెప్పింది.

"అంటే ఏడాదిగా మనకి చెప్పిందంతా వాళ్ళు చెప్పమన్నదే," అన్నాడు చీఫ్. "శనివారం అన్నది కూడా అబద్ధమే. రెండు గంటల్లో మాయమయ్యే మందుని ముందురోజు ఎందుకిస్తారు? ఆదివారం స్టేడియంలోనే ఇస్తారు."

"ఇప్పుడే అరెస్టు చేయండి సార్."

"ఏమని? రొయ్యల మందు దగ్గర పెట్టుకోవడం నేరం కాదమ్మాయ్. హరిబాబు తాగిన బొండం మున్సిపాలిటీ వాళ్ళు ఊడ్చేశారు. మందు మనిషి రక్తంలో దొరకాలి. బయ్యర్ గ్యాలరీలో ఉండాలి. అప్పుడే కేసు నిలబడుతుంది." గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది. "సూది దిగాక కోడ్ చెప్పు. దిగకముందు చెప్పకు."

"ఆ అమ్మాయి?"

"గేటు దగ్గర అంబులెన్స్ పెడతాను."

"ముగ్గురు పోయారని మీరే చెప్పారండి."

"ఇప్పుడు ఆపకపోతే ముప్ఫై మంది పోతారు. నాకేం సరదా కాదు. ఇది ఆర్డర్."

ఆ లెక్కలో తప్పులేదు. తబిత పక్కన కూర్చుని గిన్నెలు తోమినవాళ్ళు మాత్రం ఆ లెక్క వేయలేరు. ఇంద్రజ రెండు కేజీల వంకాయలు కొనుక్కుని మిల్లుకి వెళ్ళిపోయింది.

*

ఆదివారం ఉదయం పదకొండు ముప్ఫై అయిదు. అరవై మూడు కేజీల విభాగం మొదలవడానికి ఇంకా పాతిక నిమిషాలు. నిన్న సాయంత్రం మిల్లులో ఎవరికీ సూది పడలేదు; ప్లాను రద్దయిందని చీఫ్‌కి చెప్పమంది క్రిస్టినా. గ్యాలరీ మూడో వరసలో సత్తిరాజు తెల్లపంచెలో కూర్చున్నాడు. పక్కన ఎర్రటి మొహం విదేశీయుడు, ఒళ్ళో ట్యాబ్. తబిత ఛాతీకి అంటించిన ప్యాచ్ నుంచి ఆమె గుండె కొట్టుకోవడం అతని స్క్రీన్ మీద ఆకుపచ్చ గీతలుగా కదులుతోంది.

ఇంద్రజ మజ్జిగ ఫ్లాస్కు పట్టుకుని వార్మప్ రూముల వైపు నడిచింది. చివరి గది తలుపు వేసి ఉంది. తట్టలేదు. భుజంతో తోసింది.

లోపల తబిత బల్ల మీద కూర్చుని ఉంది. భుజం పైదాకా స్లీవ్ మడిచి ఉంది. క్రిస్టినా సిరంజిలో గాలి బుడగ తీసేస్తోంది.

"లోవమ్మా, బయట ఉండు."

"మజ్జిగ తెచ్చానండి."

"తర్వాత. ఇది విటమినే." క్రిస్టినా తిరిగి చూడలేదు. దూదితో భుజం తుడిచింది. తబిత కళ్ళు మూసుకుంది. పెదవులు ప్రార్థనలో కదులుతున్నాయి.

పిన్నీసు కెమెరా అంతా చూస్తోంది. కాసేపు ఊరుకుంటే చాలు. సూది దిగుతుంది, కేసు నిలబడుతుంది, ఆర్డర్ ప్రకారం అంతా జరిగిపోతుంది. ఇంద్రజ రెండడుగుల్లో గది దాటింది. సూది మొన తబిత చర్మాన్ని తాకబోతుండగా తన ముంజేయి అడ్డంపెట్టింది. అది ఆమె కండలోకి దిగింది. ఉలికిపాటులో క్రిస్టినా బొటనవేలు పిస్టన్ నొక్కేసింది. సగం మందు లోపలికి పోయింది. సూది విరిగి మిగతా సగం నేలమీద చిందింది.

"పాలు విరిగాయి," అంది ఇంద్రజ.

క్రిస్టినా ఒక్క క్షణం ఆమెని చూసింది. అరచేతుల్లో పాత కాయలు, వెడల్పాటి భుజాలు.

"ఓ. లిఫ్టరా," అంది ఇంగ్లీషు యాసలో. "అయితే మీకు తెలియాలే. ఫుల్ డోసు తట్టుకోవాలంటే ఆర్నెల్లు అలవాటు చేయాలి. అలవాటైన రూతే నిలబడలేదు."

ఆమె బ్యాగు తీసుకుని తలుపు వైపు తిరిగింది. రెండో అడుగు వేయలేకపోయింది. తబిత ఆమె మణికట్టు పట్టుకుంది.

"మేడం, రూతుకి ఇదే ఇచ్చారా?"

"వదులు తబితా. నీ టర్న్ వస్తోంది. మెడల్ నీదే."

"రూతు నా పక్క మంచమండి. పోయేముందు నన్ను మంచినీళ్ళడిగింది. ఇదే ఇచ్చారా?"

క్రిస్టినా రెండో చేత్తో బ్యాగులోంచి చిన్న పిస్తోలు తీసింది. తబిత ఆ చెయ్యి కూడా పట్టుకుంది. నూరు కేజీల ఇనుము తలపైకి ఎత్తే చేతులవి. ఏదో విరిగిన చప్పుడైంది. పిస్తోలు బల్ల కిందకి జారింది. పోలీసులు వచ్చేదాకా ఆ పిల్ల ఆమెని కొట్టలేదు, తిట్టలేదు, వదల్లేదు.

ఇంద్రజ గోడకి ఆనుకుని కిందికి జారింది. గుండె పంజరంలో పిట్టలా కొట్టుకుంటోంది. "రక్తం," అంది వచ్చినవాళ్ళతో. "పది నిమిషాల్లో తీయండి." గ్యాలరీలో విదేశీయుడు కూల్‌డ్రింకు తాగుతుండగా అతని రెండు పక్కలా ఇద్దరు మనుషులు వచ్చి కూర్చున్నారు. సత్తిరాజు తనకేమీ తెలియదని ఎవరూ అడక్కముందే చెప్పడం మొదలుపెట్టాడు. ఇదేదీ ఇంద్రజ చూడలేదు. అంబులెన్సులో ఆమె గుండె రెండుసార్లు ఆగింది. రెండుసార్లూ షాకిచ్చి మళ్ళీ కొట్టుకునేలా చేశారు.

*

అయిదో రోజు తబిత ఆసుపత్రికి వచ్చింది. డాక్టర్లు ఆమె గుండె కూడా చూశారు. కొంచెం ఉబ్బింది. మందులతో తగ్గుతుంది గానీ ఇక బార్ ఎత్తకూడదన్నారు. ఆమె మంచం పక్కన నిలబడింది, కూర్చోలేదు.

"మీరు బతికించారని అమ్మ దణ్ణం పెట్టి రమ్మంది," అంది. "నేను మాత్రం పెట్టలేనక్కా. ఇప్పుడు కాదు. రైల్వే వాళ్ళు లెటర్ పంపారు. రావద్దని."

"పెట్టకు," అంది ఇంద్రజ. "నేనైనా పెట్టను."

తబిత తలుపు దాకా వెళ్ళి ఆగింది. "మీ గొంతు మళ్ళీ మామూలైందా అక్కా, ఎప్పటికైనా?"

ఇంద్రజకి అబద్ధం చెప్పాలనిపించింది. "కాలేదు," అంది. తబిత తలూపి వెళ్ళిపోయింది.

సాయంత్రం చీఫ్ వచ్చాడు. ఆర్డర్ మీరిన సంగతి ఎత్తలేదు. బత్తాయిలు టేబుల్ మీద పెట్టి, బయ్యర్ నోరు విప్పాడనీ, మూడు దేశాల్లో అరెస్టులు జరుగుతున్నాయనీ వాతావరణం చెబుతున్నట్టే చెప్పాడు. తర్వాత ఇబ్బందిగా జేబులోంచి ఓ కవరు తీశాడు.

"స్టేడియంలో నీ రక్తం తీసింది డోపింగ్ టెస్టుల ఆఫీసరు. వాళ్ళ ఫారంలో క్రీడాకారిణి అన్న గడి తప్ప వేరే గడి లేదంట. అందులోనే రాశాడు. కంప్యూటర్ దానంతటదే లెటర్ పంపేసింది. రద్దు చేయిద్దామంటే కేసు తేలేదాకా ఎవిడెన్సు కదిలించకూడదంటున్నారు లాయర్లు."

ఇంద్రజ చదివింది. నిషిద్ధ ఉత్ప్రేరకం వాడినట్టు రుజువైనందున, నేటి నుంచి నాలుగేళ్ళపాటు ఏ పోటీలోనూ పాల్గొనరాదు.

ఆమె కాగితం మడిచి దిండు కింద పెట్టుకుంది.

"అప్పటికి నాకు నలభై వస్తాయి సార్," అంది. "ప్రాక్టీసు ఎప్పట్నుంచి మొదలుపెట్టమంటారు?"