మందుపాతర్ల కొండ దిగువన క్రిస్మస్ చెట్లు

పొయ్యి మీద కాఫీ పొంగకముందే దించి, మాండ మూడు చిన్న కప్పుల్లో పోసింది. కిటికీ బయట రాత్రంతా కురిసిన మంచు కంచె సగానికి వచ్చింది. భర్త వింకో పొయ్యి పక్కన పీట మీద కూర్చుని, కొయ్యకాలి పట్టీలు బిగించుకుంటున్నాడు. చలికాలంలో ఆ పని అతనికి ఆలస్యమవుతుంది. మోకాలి కింద మిగిలిన మొండి కాలు వాచిపోతుంది.

కోడలు మరియెట అటక మీద నుంచి దించిన అట్టపెట్టె ముందు కూర్చుని ఉంది. పెట్టెలో ప్లాస్టిక్ క్రిస్మస్ చెట్టు. కొమ్మలు విప్పుతుంటే ఆకుపచ్చ ప్లాస్టిక్ ముక్కలు రాలి నేలంతా పడ్డాయి. ఆమె ఒక కొమ్మను ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది.

"అత్తయ్యా, దీనికి దుమ్ము వాసన వస్తోంది."

"తుడిస్తే పోతుంది. ఎన్నేళ్ళ నుంచో నిలబడుతోంది అది. నీళ్ళు అడగదు, ఆకు రాల్చదు."

"ఆకు రాల్చేది చెట్టు కదా. ఇది గొడుగు."

వింకో మీసాల్లో నవ్వుకున్నాడు. మాండ అతని వైపు చూడగానే నవ్వు మాని కాఫీ అందుకున్నాడు.

మరియెట సముద్రపు ఒడ్డు పిల్ల. పోయిన వసంతంలో వీళ్ళ కొడుకు ద్రాజెన్‌ని పెళ్ళాడి, దోలాట్స్ అనే ఈ కొండ ఊరికి వచ్చింది. ఇప్పుడు ఆమెకి ఐదో నెల. ద్రాజెన్ లారీ నడుపుతాడు. ఆస్ట్రియాలో సరుకు దించి పండుగ ముందు రోజు సాయంత్రానికి వస్తానని ఫోన్ చేశాడు. అతను వచ్చేసరికి ఇంట్లో నిజమైన చెట్టు నిలబెట్టాలని ఆ అమ్మాయి కోరిక.

"మొన్న ట్రావ్నిక్ సంతలో చూశాను. చెట్టు అడిగితే వారం సరుకుల డబ్బు చెప్పాడు. చేత్తో ముట్టుకుంటే ఆకులన్నీ రాలాయి. ఎప్పుడు నరికారో. మన బ్లాజ్ బాబాయి పొలంలో అయితే అందులో సగమేనట. మన కళ్ళ ముందే కోసి ఇస్తాడట. ఊళ్ళో అందరూ అక్కడే కొంటున్నారు, మనం తప్ప."

మాండ చేతిలో చెంచా ఆగింది. "ఆ కొండ పేరెత్తొద్దని చెప్పానా లేదా?"

"కొండ మీద కాదు అత్తయ్యా, కొండ కింద పొలం."

"రెండూ ఒకటే నాకు."

"బ్లాజ్ పొలం శుభ్రం చేశారు మాండా," అన్నాడు వింకో మెల్లగా. "యుద్ధం అయిన కొన్నేళ్ళకి జానెడు జానెడు వెతికి మందుపాతరలన్నీ తీశారు. తారు రోడ్డు మీదుగా పొలం గేటు దాకా వెళ్ళొచ్చు. అక్కడ నాటిన చెట్లు ఇప్పుడు మనిషెత్తు ఉన్నాయి."

"శుభ్రం చేశామని కాగితం ఇస్తారు. కాలు ఇస్తారా?"

వింకో ఖాళీ కప్పు కింద పెట్టాడు.

మరియెట లేచి నిలబడింది. ముఖం ఎర్రబడింది. "ఎండాకాలంలో వాగుకి వెళ్తానంటే వద్దన్నారు. పుట్టగొడుగులకి అందరూ వెళ్తే నన్ను గుమ్మం దాటనివ్వలేదు. ఇప్పుడు చెట్టు కొనుక్కుంటానన్నా వద్దు. నన్నేమైనా పొయ్యికి కట్టేసుకున్నారా? మీరు భయపడేది నా కోసమా, నా కడుపులో ఉన్నవాడి కోసమా?"

"వాడు నీ కడుపులో ఉన్నంతకాలం నీ కాళ్ళు నీ ఒక్కదానివే కావు," అంది మాండ.

అన్నాక ఆ మాట ఎంత కటువుగా ఉందో ఆమెకే తెలిసింది. కానీ వెనక్కి తీసుకోలేదు. మరియెట తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

"దానికి చెప్పు," అన్నాడు వింకో. "నా కాలు యుద్ధంలో పోయిందనుకుంటోంది. ఎక్కడ పోయిందో ద్రాజెన్ చెప్పలేదు."

"నువ్వు చెప్పు. కాలు నీది."

వింకో కిటికీ వైపు తిరిగాడు. ఆ సంగతి అతను ఎవరికీ చెప్పడు. యుద్ధం ముగిసి, గంటలు మోగించి, అందరూ ఊపిరి పీల్చుకున్న తర్వాతి శీతాకాలంలో, పొయ్యిలోకి కట్టెలు లేక పెరటి దారిన స్త్రాజా కొండ ఎక్కాడు. మందుపాతర పేలిన చప్పుడు మాండకి వంటింట్లో వినిపించింది. అప్పటి నుంచి ఆమె తారు రోడ్డు దిగి నడవలేదు. గడ్డి మీద కాలు పెట్టాల్సి వస్తే ఒళ్ళు చల్లబడుతుంది. కొండ దిగువ పొలాలు శుభ్రం చేశారు గానీ, పైన అడవి ఇంకా అలాగే ఉంది. డబ్బు వచ్చినప్పుడు చేస్తామని ఏటా చెబుతారు.

మాండ పిండి కలపడానికి కూర్చుంది. క్రిస్మస్ బల్ల మీద పెట్టడానికి లూచియా పండుగ నాడు పళ్ళెంలో చల్లిన గోధుమలు కిటికీ దగ్గర వేలెడెత్తు మొలిచాయి. వాటికి నీళ్ళు చిలకరించింది. వంటిల్లు వీధి వైపు ఉంటుంది. గేటు తీసినా, రోడ్డు మీద ఎవరు నడిచినా కనిపిస్తుంది. ఎవరూ నడవలేదు.

పిండి పొంగాక కోడలికి ఇష్టమైన ఆపిల్ రొట్టె చేద్దామనుకుంది. మాటతో చేసిన గాయానికి రొట్టెతో మందు రాయడం ఆమెకు అలవాటు. గది తలుపు తట్టింది. జవాబు లేదు. తోసి చూస్తే గది ఖాళీ.

"వింకో, పిల్ల ఏది?"

వెనక తలుపు గడియ తీసి ఉంది. గోడకు ఆనించి ఉండే, మంచు మీద జార్చి లాగే మంచుబండి లేదు. మెట్ల కింద మంచులో అడుగుజాడలు. వాటికి రెండు పక్కలా బండి కమ్మీల గీతలు. అవి ప్లమ్ తోట దాటి, పాత బండ్ల దారిన పైకి వెళ్ళాయి.

ఆ దారి అడవి అంచున తిరిగి బ్లాజ్ పొలం వెనక్కి దిగుతుంది. ఒకప్పుడు అందరూ నడిచిన అడ్డదారి అది. వింకో నడిచిన దారి.

మాండ చెప్పులతోనే బయటికి దూకింది. కాళ్ళ కింద ఏముందో చూడకుండా తోట దాకా పరుగెత్తింది. చివరి చెట్టు దగ్గర కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి. అక్కడ ఎర్ర హెచ్చరిక పలక ఉండాలి, పుర్రె బొమ్మతో. పలక లేదు. మంచులోంచి కర్ర కొన మాత్రం పొడుచుకు వచ్చింది. ఎప్పుడో విరిగి పడిపోయింది. మంచు కప్పేసింది. సముద్రం ఒడ్డు నుంచి వచ్చిన పిల్లకి అక్కడ పలక ఉండేదని ఎలా తెలుస్తుంది?

పొగమంచులో పైన నీలి రంగు కోటు కదులుతోంది.

"మరియెటా."

కోటు ఆగింది. "అత్తయ్యా, తిట్టకండి. వెంటనే వచ్చేస్తాను."

"ఆగు. అక్కడే ఆగు."

"సరే, సరే, దిగి వస్తున్నాను." అంటూనే ఆమె దారి వదిలి, వాలు మీద తిన్నగా కిందికి అడుగు వెయ్యబోయింది.

"కదలకు." ఆ కేక తనదేనని మాండకి తెలియలేదు. "కాలు కదపకు తల్లీ. నువ్వున్నది మందుపాతర్ల నేల. మీ మామయ్య కాలు పోయింది అక్కడే."

ఎత్తిన కాలు గాల్లోనే నిలిచి, మెల్లగా పాత చోటే దిగింది. తర్వాత సన్నగా, చిన్నపిల్ల గొంతులా వినిపించింది. "ఈ దారి సంగతి నాకు ఎవరూ చెప్పలేదు."

వింకో కర్ర పొడుస్తూ, ఆయాసపడుతూ వచ్చి భార్య పక్కన నిలబడ్డాడు. ఫోన్ చెవి దగ్గరే ఉంది. "మందుపాతరలు తీసేవాళ్ళు వస్తున్నారు. కనుమ దగ్గర రోడ్డు మూసుకుపోయిందట. మధ్యాహ్నం దాటుతుంది అంటున్నారు. అప్పటిదాకా కదలొద్దన్నారు."

అప్పుడే మళ్ళీ మంచు మొదలైంది. మొదట పలచగా, తర్వాత పిండి జల్లించినట్టు. మాండ అడుగుజాడల వైపు చూసింది. వాటి అంచులు అప్పుడే మెత్తబడుతున్నాయి. ఇంకాసేపు ఆగితే దారే ఉండదు. కడుపుతో ఉన్న పిల్ల ఆ చలిలో మధ్యాహ్నం దాకా నిలబడలేదు.

"నేను వెళ్తాను దాని జాడల్లో."

వింకో ఆమె భుజం పట్టుకున్నాడు. "నీ పాదం వేరు, దాని పాదం వేరు. రావాల్సింది అదే. వెళ్ళేటప్పుడు పడ్డ చోటే మళ్ళీ పడాలి. నువ్వు మాట్లాడు. నా గొంతు వింటే దానికి కాలు గుర్తొస్తుంది."

మాండ పెదవులు తడుపుకుంది. "మరియెటా, బండి వదిలెయ్. మెల్లగా వెనక్కి తిరుగు, ఉన్న చోటే. కింద నీ అడుగులు కనిపిస్తున్నాయా?"

"కనిపిస్తున్నాయి."

"వాటిలోనే పెట్టి రా."

"కాళ్ళు రావడం లేదు అత్తయ్యా. నిజంగా రావడం లేదు."

ఆ మాట మాండకి తెలిసినంతగా ఆ ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు. ఇన్నేళ్ళుగా ప్రతి గడ్డిపోచ ముందూ ఆమె కాళ్ళు అన్నది అదే. భయపడకు అని చెప్పడం దండగ. ఆమెకి ఎవరు చెప్పినా పనిచెయ్యలేదు.

"మీ నాన్న చెట్టు ఎక్కడ పెట్టేవాడు?" అని అడిగింది.

"ఏంటి?"

"మీ ఇంట్లో. పండక్కి. ఎక్కడ పెట్టేవాడు చెప్పు, ఒక అడుగు వెయ్."

కాసేపటికి ఒక కాలు లేచింది. పాత గుంటలో దిగింది. "కిటికీ దగ్గర. పడవల వాళ్ళకి దీపాలు కనిపించాలని."

"ఎవరు అలంకరించేవాళ్ళు?"

"నేనూ, మా అన్న." ఇంకో అడుగు. "వాడు మిఠాయిలు తినేసి, ఉత్త కాగితాలు చుట్టి వేలాడదీసేవాడు."

"దొంగ. మీ అమ్మ ఏమనేది?"

"ఏమీ అనేది కాదు. ఆవిడా తినేది."

వింకో గొంతులో నవ్వో ఏడుపో తెలియని చప్పుడు వచ్చింది. మాండ అడుగుతూనే ఉంది. చెట్టు ఎన్నాళ్ళు ఉంచేవారు, వాసన ఏ గదిదాకా వచ్చేది, కొన మీద నక్షత్రం ఎవరు కట్టేవారు. పిల్ల చెబుతూ దిగుతోంది. మంచు కనురెప్పల మీద పేరుకుంటోంది. పొట్ట మీద ఒక చెయ్యి, గాల్లో ఒక చెయ్యి.

ఓ పెద్ద చెట్టు కిందికి వచ్చేసరికి ఆగిపోయింది. పై కొమ్మ మీది మంచు జారి దారి మీద కుప్పగా పడి ఉంది. అక్కడ అడుగుజాడలు పూడిపోయాయి.

"అత్తయ్యా, ఇక్కడ ఏమీ లేదు."

మాండ కుప్పకు ఇవతల చూసింది, అవతల చూసింది. "బండి గీతలు చూడు. నీకు రెండు వైపులా ఉన్నాయి కదా. కుప్పకి ఇవతల కూడా అవే గీతలు. వాటి నడుమే నడిచావు నువ్వు. మోకాళ్ళ మీద వంగి, పైమంచు చేత్తో పక్కకి తుడువు. నొక్కకు. మెల్లగా, రొట్టె ముద్ద మీది పొడిపిండి తుడిచినట్టు."

మరియెట వంగింది. చేతొడుగు తీసి, వేళ్ళతో తుడిచింది. చాలాసేపు తుడిచింది. అంతసేపూ మాండ పెదవులు కదులుతున్నాయి, జపమాల లేకుండానే.

"దొరికింది. నా బూటు గుర్తు ఉంది."

"పెట్టు కాలు."

పెట్టింది. ఏమీ కాలేదు. మరో అడుగు, మరో అడుగు. చివరి చెట్టు దగ్గరికి రాగానే మాండ ఆమె కోటు కాలరు పట్టుకుని తన మీదికి లాక్కుంది. ఇద్దరూ తోటలో కూలబడ్డారు. మాండ ఆ పిల్ల వీపు మీద రెండు దెబ్బలు వేసింది. తర్వాత ముఖమంతా ముద్దులు పెట్టుకుంది. తర్వాత వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఎందుకెళ్ళావే ఆ దారిన? రోడ్డు లేదూ?"

మరియెట పళ్ళు టకటకమంటున్నాయి. "రోడ్డు మీద వెళ్తే మీకు కిటికీలోంచి కనిపిస్తాను. పోనివ్వరని."

మాండ ఏడుపు ఆగిపోయింది. ఆ మాట లోపలికి దిగడానికి కొంతసేపు పట్టింది. వీధి గుమ్మంలోంచి వెళ్ళనిచ్చి ఉంటే ఆ పిల్ల తారు రోడ్డు మీద చేతులూపుకుంటూ వెళ్ళి వచ్చేది. కాపలా కాసిన కిటికీయే ఆమెను పెరటి దారిన తోసింది. పలక గురించి, కాలు గురించి ఒక్క మాట చెప్పి ఉన్నా సరిపోయేది.

"నేనే పంపాను," అంది మాండ వింకోతో. "నా భయమే పంపింది దీన్ని."

"లోపలికి పదండి," అన్నాడు వింకో. "ఈ పూట నేనే చెబుతాను అంతా."

పొయ్యి దగ్గర, దుప్పట్లు కప్పుకున్న కోడలికి అతను మొదటిసారి నోరు విప్పి చెప్పాడు. మధ్యలో మాండ తనకు గుర్తున్నది కలిపింది. మధ్యాహ్నం దాటాక వచ్చిన మనుషులు తోట చివర కొత్త పలక పాతి, ఎర్ర రిబ్బను కట్టి, మంచుబండిని అక్కడే వదిలి వెళ్ళారు. డాక్టరమ్మ వచ్చి చూసి బిడ్డ గుండె చక్కగా కొట్టుకుంటోందని చెప్పింది. మాండ ఆమె చేత మళ్ళీ ఒకసారి చూపించింది.

మర్నాడు పొద్దున కాఫీ తాగి, మాండ బూట్లు తొడుక్కుంది. తలకు శాలువా కట్టుకుంది.

"లే అమ్మాయ్. రోడ్డు మీదుగా వెళ్దాం."

మరియెట నమ్మలేనట్టు చూసింది. "వద్దు అత్తయ్యా. ప్లాస్టిక్‌దే బాగుంది. నాకు చెట్టూ వద్దు, ఏమీ వద్దు."

"అదిగో, నిన్నటి నుంచి ఆ మాటే అంటావని భయపడుతున్నాను. నాకు పట్టిన భయం చాలు, నీకు కూడా ఎందుకు? పద."

తారు రోడ్డు బ్లాజ్ పొలం గేటు దగ్గర ఆగుతుంది. లోపల వరసలు వరసలుగా మనిషెత్తు చెట్లు, మంచు టోపీలు పెట్టుకుని. బ్లాజ్ రంపం భుజాన వేసుకుని వచ్చి, మాండని చూసి నోరు తెరిచాడు.

"వదినా, దారి తప్పావా?"

"ధర చెప్పు ముందు. ట్రావ్నిక్ వాడిలా దోచుకుంటావేమో చూస్తాను."

"నీకు ధరేంటి, ఊరికే తీసుకో."

"ఊరికే ఇచ్చింది అప్పు. సరైన ధర చెప్పు."

అతను చెప్పాడు. సంతలో అడిగినదాంట్లో సగం కంటే తక్కువే. మాండ ఇంకొంచెం తగ్గించింది. ఇక కావాల్సిన చెట్టు ఎంచుకోవాలి. గేటు దాటి, తారు దిగి, మంచు మీద కాలు పెట్టాలి.

ఆమె గేటు పట్టుకుని నిలబడింది. మరియెట తొందరపెట్టలేదు. వచ్చి పక్కన నిలబడి, మెల్లగా చెయ్యి అందుకుంది.

"అత్తయ్యా, మీ పెళ్ళిలో ఏం వండారు?"

మాండ ఆమె వైపు తిరిగి చూసింది. కళ్ళల్లో నీళ్ళు నిండాయి. "గొర్రె మాంసం," అంది. "మాడ్చేశారు." మొదటి అడుగు వేసింది.

"ఎవరు మాడ్చారు?"

"మా అత్తగారు. నేనంటే ఇష్టం లేక." రెండో అడుగు.

"మీ చెయ్యి వణుకుతోంది."

"వణకనీ. నువ్వు వదలకు."

మరియెట వదల్లేదు. ఇద్దరూ చెట్ల వరసల్లోకి నడిచారు.