కొండ మలుపులో ఆగిన కారు

కొండదారి మధ్యలో, సరిగ్గా మలుపు మీద, పాత కారు రెండుసార్లు ఎగిరిపడి ఆగిపోయింది. వెనక లారీ హారన్ చెవులు చిల్లులు పడేలా మోగుతోంది. అమ్మడు హ్యాండ్ బ్రేక్ లాగి తాళం తిప్పింది. ఇంజన్ దగ్గిందే కానీ అందుకోలేదు.

"చంటీ! దిగి చక్రం కింద రాయి పెట్టరా, వెనక్కి జారుతోంది!"

ముప్పై ఏళ్లొచ్చినా చంటి అనే పిలిపించుకునే తమ్ముడు ఒక్క దూకు దూకి రాయి పెట్టాడు. లారీ తిట్లు కురిపించి పక్కనుంచి పోయింది. వెనక సీట్లో అమ్మ కళ్లు మూసుకుని కూర్చుంది. ముందు సీట్లో నాన్న నింపాదిగా తలుపు తీసి దిగాడు.

"నీ వల్ల కాదని ముందే చెప్పానా?"

ఆ కారు జబ్బు ఒక్కటే. ఎండలో ఎత్తు ఎక్కితే ఇంజన్ వేడికి పైపులోనే పెట్రోలు మరిగి ఆవిరవుతుంది. ఆవిరి అడ్డం పడితే పంపు ఎంత కొట్టుకున్నా చుక్క ముందుకు పోదు. ఇన్నాళ్లూ నాన్న పంపు మీద తడిగుడ్డ వేసి నెట్టుకొచ్చాడు. అమ్మడు కుదురుస్తానంది. "మిట్టమధ్యాహ్నం ఆగకుండా కొండెక్కించు. మన రిపేరు షెడ్డు నీదే" అని నాన్న పందెం కాశాడు. ఆ షెడ్డులో నూనె మరకల మధ్యే పెరిగిన పిల్లకి అంతకు మించిన ఆస్తి లేదు. పెట్రోలు పైపుని వేడి పొగగొట్టానికి దూరంగా జరిపింది, మందపాటి పట్టీ చుట్టింది. నిన్న ఒక్కతే ఇదే కొండ ఎక్కించి చూసుకుంది. వెన్నలో కత్తిలా ఎక్కింది.

మరి ఇవాళ, పందెం రోజున, ఏం పుట్టింది?

దిగి బానెట్ ఎత్తింది. పట్టీ లేదు. పైపుని మళ్లీ పొగగొట్టానికి ఆనించి, ఎవరో తీగతో గట్టిగా బిగించారు.

"ఇది ఎవరో కావాలని చేశారమ్మా!"

అమ్మ చూపు తిన్నగా కొడుకు మీదికి పోయింది. "షెడ్డులో ఫోన్ల దుకాణం పెడతానని ఊరంతా టాంటాం వేసింది నువ్వే కదరా?"

"అమ్మా, నాకు బానెట్ తియ్యడమే రాదు! మొన్న నీళ్లు పొయ్యమంటే డిక్కీ తెరిచి వెతికానని మీరే కదా నవ్వారు!"

"వాడే అయ్యుంటాడు" అన్నాడు నాన్న, లోయలోకి చూస్తూ. "నిన్న సాయంత్రం షెడ్డు దగ్గరే తచ్చాడాడు."

"నాన్నా!" చంటి ఒక అడుగు ముందుకేశాడు. "నీకు టీ తెచ్చాను కదా నాన్నా!"

అమ్మడు బానెట్ కిందికి వంగింది. పంపు మీద తడిగుడ్డ పరిచి, తీగ విప్పబోయి, చెయ్యి ఆపేసింది. మెలి అటు తిరిగి ఉంది. తను కుడికి తిప్పుతుంది, లోకమంతా కుడికే తిప్పుతుంది. ఇది ఎడమకి తిరిగింది. చిన్నప్పుడు విరిగిన తన బొమ్మ కాలికి నాన్న తీగ కట్టింది ఈ మెలితోనే.

డిక్కీలోంచి తీగచుట్ట తెచ్చి, పట్టకారుతో ఇంకో ముక్క తుంచింది.

"నాన్నా, పైపు పక్కకి పట్టుకుంటాను. నువ్వు కట్టు."

"నేనెందుకే?"

"నీ చేతిమెలి ఊడదు కదా. కట్టు."

అలవాటైన ఎడమచెయ్యి దానంతట అదే కదిలింది. ఒక చుట్టు, రెండో చుట్టు. అప్పుడు చూసుకున్నాడు. పాత మెలి, కొత్త మెలి పక్కపక్కన కవలపిల్లల్లా ఉన్నాయి. చెయ్యి ఆగిపోయింది.

"నేను ఓడిపోవడం నీకంత ఇష్టమా నాన్నా? పోనీ ఓడించావు. వాడినెందుకు దొంగని చేశావు?"

అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాన్న బానెట్ అంచు పట్టుకుని వంగిపోయాడు. ఆ మనిషి కళ్లల్లో నీళ్లు అంతకుముందు ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు.

"నిన్న నువ్వు కొండ దిగొచ్చిన చప్పుడు విన్నానమ్మా. ఇంజన్ ఎంత హాయిగా ఉందో! నా చేతిలో ఎప్పుడూ అలా పలకలేదు. తాళం నీకిచ్చేస్తే, తెల్లారి లేచి నేనెక్కడికి పోవాలి?"

జేబులో చెయ్యి పెట్టాడు. షెడ్డు తాళం కూతురి అరచేతిలో పెట్టి, కొడుకు వైపు తిరిగాడు.

"నువ్వు కాదురా. ఈ బండి ఆపింది నేనే. మీ నాన్నే."