కుండీలు తిప్పిందెవరు

వంటింటి వెనక గాజు గది. ఇంట్లో అంతకంటే వెచ్చటి చోటు లేదు, అత్తాకోడళ్ల మధ్య అంతకంటే పెద్ద తగువూ లేదు. అత్తగారు అందులో బిగోనియాలు, ఫెర్నులు, మిరప మొలకలు పెంచేది. చలికాలంలో వాటికి నీళ్లెప్పుడు పొయ్యాలో కోడలికి తెలియదని అత్తగారి నమ్మకం. తెలిసినా ఆవిడ ఒప్పుకోదని కోడలి నమ్మకం.

కోడలి కూతురికి జ్వరం వచ్చింది. తగ్గాక పాపకి కాస్త ఎండ తగలాలని డాక్టరు చెప్పాడు. అప్పట్నుంచి మధ్యాహ్నాలు పాప పడక ఆ గదిలోనే. కుండీల నడుమ, ఇటుకలు పరిచిన నేల మీద బొంత వేసి పడుకోబెట్టేవాళ్లు. ఇల్లు పీకి పందిరేసే మూడేళ్ల పిల్ల, ఇప్పుడు పడుకుంటే ఒక పట్టాన లేవడం లేదు. బుగ్గలు పాలిపోతున్నాయి. మొక్కలు మాత్రం కళకళలాడుతున్నాయి.

ఇక తగువు సంగతి. కోడలు రోజూ కళ్లద్దాల షాపులో పనికి వెళ్లేముందు, ఆకులు వెలుతురు వైపు ఉండేలా కుండీలన్నీ సర్దేది. సాయంత్రం వచ్చేసరికి అవి గాజుకి వీపు పెట్టి గది లోపలికి తిరిగి ఉండేవి.

"మళ్లీ తిప్పేశారా అత్తయ్యా?"

"నాకేం పనిలేదనుకున్నావా? నువ్వే తిప్పి నా మీదకి తోస్తున్నావు."

కోడలికి ఒళ్లు మండిపోయేది. పిల్లకి ఇంత మత్తేమిటి, ఈవిడ ఏమైనా తాగిస్తోందా అని ఓ పాడు అనుమానం కూడా పుట్టింది. ఇవాళ తాడో పేడో తేల్చుకోవాలనుకుంది. ప్రతి కుండీ అంచు మీదా సుద్దముక్కతో గీత గీసి, సరిగ్గా దాని కింద ఇటుక మీదా మరో గీత గీసింది. షాపులో తలనొప్పని చెప్పి ముందే ఇంటికొచ్చింది.

మబ్బు పట్టి, సాయంత్రం కాకుండానే చీకటి పడుతోంది. అత్తగారు వంటింట్లో బఠాణీలు వలుస్తోంది. కోడలు పలకరించకుండా గాజు గది తలుపు తోసింది.

తడిమట్టి వాసన. రోజూ ఉండేదే, కానీ ఇవాళ అందులో ఏదో తీపి కలిసింది, పాలు తాగిన పిల్ల ఊపిరిలా. గాజు పలకలన్నీ లోపలి నుంచి చెమర్చాయి. ఎక్కడో ఆకుకి ఆకు రాసుకున్న చప్పుడు. గాలి మాత్రం లేదు.

వంగి సుద్ద గీతలు చూసింది. మొదటి కుండీ... గీతకి గీత సరిపోయింది. రెండోదీ అంతే. ఏ కుండీ వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

ఆకులు మాత్రం తిరిగి ఉన్నాయి. అన్నీ... నాలుగు పక్కల నుంచీ పాప బొంత మీదకే వంగి ఉన్నాయి.

ఇన్నాళ్లూ ఒకరినొకరు కాపలా కాసుకోవడంతోనే సరిపోయింది. మొక్కల్ని ఎవరూ చూడలేదు. పిల్లనీ చూడలేదు. ఆ సంగతి తట్టగానే కోడలికి ఏడుపు తన్నుకొచ్చింది.

"అత్తయ్యా..." వంటింటి వైపు కేకేసింది.

అత్తగారు బఠాణీల గిన్నెతోనే వచ్చి వెనక నిలబడింది. గీతల్నీ ఆకుల్నీ మార్చి మార్చి చూసింది.

"నిజంగా నువ్వు తిప్పలేదూ?" గుసగుసగా అడిగింది.

"మీరు కాదా?"



"పాపని తీసుకుపోతాను. ఇంక ఈ గదిలో వద్దు." కోడలు మోకాళ్ల మీద కూర్చుని ఆకుల్ని చేత్తో పక్కకి తోసింది. అవి వెచ్చగా ఉన్నాయి. పాప చెయ్యి చల్లగా ఉంది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఊపిరి ఆడుతోంది.

"బంగారూ... లేమ్మా."

పాప కళ్లు తెరిచింది. అమ్మని చూసి నవ్వింది. కోడలికి పోయిన ప్రాణం తిరిగొచ్చింది. రెండు చేతులూ పిల్ల వీపు కిందకి పోనిచ్చి ఎత్తబోయింది.

పిల్ల రాలేదు.

చిక్కి సగమైన పిల్ల... ఎంత బరువుంటుంది? ఇంకాస్త బలంగా ఎత్తింది. పిల్లతోపాటు బొంత కూడా పైకి లేచింది. దాని కింద, ఇటుకల సందుల్లోంచి సన్నగా చప్పుడు. ఏళ్ల తరబడి కదపని కుండీని పెకలిస్తే అడుగున వేళ్లు తెగుతాయే, అలా. టప్... టప్...

పాప నవ్వు ఆగిపోయింది.

కోడలి భుజం మీద అత్తగారి చెయ్యి పడింది. ఆ చెయ్యి వణకడం లేదు. మొక్కలతో మాట్లాడేటప్పటి మెత్తటి గొంతుతో చెవిలో అంది:

"లాగకు తల్లీ... ఇప్పుడు లాగితే బతకదు."