కదలని చుక్క

వాన పడే సాయంత్రం గని మీది కంట్రోల్ రూమంత హాయైన చోటు గోదావరిఖనిలో ఇంకొకటి లేదని రుత్విక్ నమ్మకం. ఏసీ చల్లదనం, ఫ్లాస్కులో చాయ్, ఎదురుగా గోడంత తెర. ఆ తెర మీద భూమి లోపలి దారులన్నీ గీతలు, పనిచేసే మనుషులంతా పచ్చ చుక్కలు.

టోపీ దీపానికి కట్టిన ట్యాగు ఎటు పోతే చుక్క అటు పోతుంది. ఒక్కో చుక్క వెనక కంప్యూటర్‌లో ఒక్కో చిన్న ప్రోగ్రాం. మనిషి కదిలితే అది మేలుకుంటుంది, కదలకపోతే నిద్రపోతుంది. ఈ తెర వచ్చాక పైకి వచ్చినవాళ్లు దీపాలు అప్పగించే లాంప్ రూములో వాటిని లెక్కపెట్టడం మానేశారు. ఇంత పెద్ద తెర ఉండగా కొక్కేలకు వేలాడే దీపాలను చూసేదెవరు?

చిక్కల్లా కంప్యూటర్‌తోనే. ముసలిది. గ్యాసు రీడింగులు ఒక్కసారిగా వచ్చిపడితే మెమరీ నిండిపోయి, ఫ్యాను గుర్రుమని, తెర బిగుసుకుపోయేది. కొత్తది కొనమంటే ఎవరి చెవికీ ఎక్కలేదు. రుత్విక్‌కు పౌరుషం వచ్చింది. ఆపరేటింగ్ సిస్టంకు గుండెకాయ అయిన కెర్నెల్‌లోనే చెయ్యి పెట్టాడు. మెమరీ నిండగానే, అన్నిటికంటే ఎక్కువసేపటి నుంచి పడుకున్న ప్రోగ్రాం ఏదో చూసి దాన్ని చంపెయ్యాలి, ఆ చోటు మేలుకున్నవాటికి ఇవ్వాలి. అంతే రూలు. ఆ రోజు నుంచి తెర ఎక్కడా ఆగలేదు. మేనేజరు సదానందం భుజం తట్టాడు. రుత్విక్ కాళ్లు వారం పాటు నేల మీద ఆనలేదు.

కదలలేనివాడు కూడా కదలడన్న ముక్క మాత్రం అంత తెలివైన బుర్రకు తట్టలేదు.

ఆ సాయంత్రం మూడో సీములో, అంటే మూడో పొరలో, బొగ్గు దానంతటదే రాజుకుంది. పొగ కమ్మింది. గ్యాసు రీడింగులు పోటెత్తాయి. ఫ్యాను గుర్రుమంది. జనం ఉరుకులు పరుగుల మీద పైకి వచ్చేశారు, చుక్కలన్నీ ఆరిపోయాయి. ఇక మంటకు గాలి అందకుండా దారికి అడ్డంగా గోడ కట్టాలి.

సదానందం ఫోను చేశాడు.

"తమ్మీ, లోపట ఎవలన్న ఉన్నరా?"

"ఎవ్వలు లేరు సార్. సున్న."

"పక్కానా?"

"పక్కా."

గోడ లేచింది.

రీడింగులు సద్దుమణిగాయి. మెమరీలో చోటు దొరికింది. ఫ్యాను చప్పుడు తగ్గింది. అప్పుడు... గోడకు ఆవల... ఒక చుక్క వెలిగింది.

నర్సింగం.

సెంటినరీ కాలనీలో రుత్విక్ వాళ్ల ఎదురు క్వార్టర్ మనిషి. డ్యూటీ దిగి, స్నానం చేసి, రుత్విక్ నెలల కూతురు హర్షిణి తొట్టెల ఊపితే గాని అన్నం ముట్టనివాడు. కప్పు కూలి పడ్డ బండ కింద కాలే ఉందో, నడుమే ఉందో, చుక్క కదలడం లేదు. కదలని మనిషి ప్రోగ్రాం పడుకుంది, పడుకున్నదాన్ని రూలు చంపేసింది. చోటు దొరికేసరికి ట్యాగు మళ్లీ పలికింది.

గోడ ఇంకా పచ్చిదే. ఒక్క ఫోను చాలు. రుత్విక్ రిసీవర్ ఎత్తాడు కూడా. కానీ గోడ పడగొడితే మంటకు గాలి తగులుతుంది... 'పక్కా' అన్నదెవరని అడుగుతారు... ఉద్యోగం పోతుంది, కేసవుతుంది. ఆ పాడు లెక్క తేల్చుకోవడానికి అతనికి ఎంతోసేపు పట్టలేదు.

"కదుల్తనే లేడు గద," అని తనకు తానే చెప్పుకున్నాడు.

రిసీవర్ పెట్టేసి, ఈసారి ఆ ప్రోగ్రాంను తన చేత్తోనే చంపాడు. చుక్క ఆరింది.

గదిలో కాలిన బొగ్గు వాసన. తలుపులు మూసిన ఏసీ గదిలోకి ఎలా వచ్చిందో... సెల్లు మోగింది. భార్య జమున.

"మెల్లగ మాట్లాడు," గుసగుసగా అంది. "నర్సింగం కాక పాపను ఊపుతుండు. ఇయ్యాల తానం గూడ చెయ్యకుండ సీదా ఇటే వచ్చిండు. ఒళ్లంత బొగ్గే. పలకరిస్తే పలుకుతలేడు."

ఫోనులో తొట్టెల గొలుసు చప్పుడు. కిర్ర్... కిర్ర్...

రుత్విక్ తెర వైపు చూశాడు. గోడకు ఆవల ఆ చుక్క మళ్లీ వెలుగుతోంది. కదలకుండా. దాని పక్కన ఇంకొకటి. చిన్నది. నంబరు లేదు. అది మాత్రం ఊగుతోంది. కిర్ర్ అంటే అటు... కిర్ర్ అంటే ఇటు...

అర్థమైంది. ఆ చిన్న చుక్క హర్షిణి.

"జమునా! పాపను ఎత్తుకో! జల్ది!"

"ఏందా లొల్లి? పొద్దటిసంది ఏడ్చి ఏడ్చి ఇప్పుడే కండ్లు మూస్తున్నది. నేనైతే లేప."

"అయితే ఊపమను... ఆపొద్దని చెప్పు కాకకు... నీ కాళ్లు మొక్కుత..."

కిర్ర్...

కిర్...

ఆగింది.

తెర మీద చిన్న చుక్క ఆగింది. కంప్యూటర్ ఫ్యాను గుర్రుమంది. ఒక్క రీడింగూ రావడం లేదు, అయినా మెమరీ నిండిపోతోంది. రూలు తీసేద్దామని మీటలన్నీ నొక్కాడు. ఒక్కటీ పనిచేయలేదు. తీగ పీకాడు. ఫ్యాను ఆగలేదు.

అంతలో ఒక ఆశ తట్టింది. రూలు తను రాసిందే కదా. ఎక్కువసేపటి నుంచి పడుకున్నదే ముందు పోవాలి. పాప ఇప్పుడే పడుకుంది. నర్సింగం ఎప్పటి నుంచో కదలడం లేదు. అతను కదలనంతసేపూ, పోతే నర్సింగమే పోవాలి. సిగ్గు విడిచి రెండు చేతులూ జోడించాడు.

"కదలకు కాకా... నీకు దండం పెడుత... కదలకు..."

ఫోనులో జమున ముద్దుగా గుసగుసలాడింది. "ఎంత బుద్ధిగ పండుకున్నదో... అసలు మెదుల్తనే లేదు."

గోడకు ఆవల, నర్సింగం చుక్క... కొంచెం... కదిలింది.