మెరుగు పెట్టిన పిస్తోలు

"పాన్‌కేకు మాడుతున్నట్టుందే," అన్నాడు హార్లన్, కిటికీ పక్క కుర్చీలోంచి.

"మాడలేదు. నీ ముక్కే ముసలిదైపోయింది," అంది లియోనా పెనం మీది దాన్ని తిరగేస్తూ.

ఆయన నవ్వాడు. ఆ నవ్వు కోసమే ఆమె పొద్దున్నే ఏదో ఒక పుల్లవిరుపు మాట అంటుంది. ఈ మధ్య హార్లన్‌కు పెళ్ళాం పేరు ఒకరోజు గుర్తుంటే మర్నాడు గుర్తుండటం లేదు. కూతురు ఫోను చేస్తే "ఎవరమ్మా మీరు?" అంటున్నాడు. కానీ వేళాకోళానికి మాత్రం ఇంకా పలుకుతాడు. మనిషిలో ఏది ముందు పోతుందో ఏది చివరిదాకా ఉంటుందో ఏ డాక్టరూ చెప్పలేకపోయాడు.

"నా పిస్తోలేదీ?" అన్నాడు ఆయన, చోక్‌చెర్రీ అనే అడవిపళ్ళ పాకం పోసిన పళ్ళెం ముందు పెట్టగానే.

"రిపేరుకిచ్చాం కదా. ఈ రోజు వచ్చేస్తుంది. నీ పుట్టినరోజు."

"నాకేం చెప్పలేదే."

"వందసార్లు చెప్పాను మహానుభావా. ముందు తిను."

హార్లన్ ఆ జిల్లా పోలీసు అధికారి షెరీఫు దగ్గర డిప్యూటీగా పనిచేసి రిటైరైనవాడు. ఉద్యోగం పోయినా, జ్ఞాపకం పోతున్నా, సాయంత్రమయ్యేసరికి ఆ పాత పిస్తోలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే చాలు, ప్రాణం కుదుటపడుతుంది. బొటనవేలితో దాన్ని మెల్లగా రాస్తూ వీధివైపు చూస్తుంటాడు. అలా కూర్చున్నంతసేపూ అరవడు, తలుపు తీసుకుని రోడ్డెక్కడు, వంటింట్లో పొయ్యి వెలిగించడు.

మతిమరుపు జబ్బని తేలిన కొత్తలోనే కూతురు జోలీన్ బిల్లింగ్స్ పట్నం నుంచి వచ్చి గొడవపెట్టింది. "మతి లేని మనిషి చేతిలో తుపాకీ ఏమిటమ్మా? కొరివితో తల గోక్కుంటావా?" అని దాన్ని పట్టుకుపోయింది. అంతే, హార్లన్ తిండి మానేశాడు. ఇల్లంతా సోదా చేశాడు. చివరికి పిండి డబ్బాలో చేతులు పెట్టి వెతుకుతుంటే చూడలేక, లియోనా కూతురికి ఫోను చేసి ఒక బేరం పెట్టింది. పిస్తోలు వెనక్కి తెచ్చివ్వాలి, దాన్ని పేలకుండా తాను చేస్తుంది. ఆయన నెమ్మదిగా ఉన్నంతకాలం ఈ ఇంట్లోనే ఉంటాడు. నెమ్మది తప్పిన రోజున బిల్లింగ్స్‌లో జోలీన్ చూసిపెట్టిన వృద్ధుల హోముకు పంపడానికి తాను అడ్డు చెప్పదు.

మాటైతే ఇచ్చింది గానీ, అప్పటికి ఆమెకు తుపాకీ పని ఓనమాలు కూడా రావు. రిపేరుకిచ్చామంటే ఆయన ఊరుకునేవాడు, ఆ మాటతోనే రోజులు నెట్టింది. ఊళ్ళో ఉన్న ఒక్క తుపాకీ మేస్త్రీ కొట్టు మూసి ఎటో వెళ్ళిపోయాడు. ఆ పని నేర్పే బడి ఎక్కడో కొలరాడో రాష్ట్రంలో ఉందన్నారు. మొగుణ్ణి వదిలి పక్క ఊరికే వెళ్ళలేని మనిషి కొలరాడో ఎక్కడికి వెళ్తుంది? పోస్టులో పాఠాలు తెప్పించుకుంది, లైబ్రరీ పుస్తకాలు ముందేసుకుంది, వీడియోలు ఆపి ఆపి చూసింది. బూట్లు విప్పుకునే వెనక గదిలో బల్ల వేసి, పనిముక్కను కదలకుండా పట్టి ఉంచే వైసు ఒకటి దానికి బిగించింది. పనికిరాని పాత పిస్తోళ్ళు తెచ్చి విప్పడం, బిగించడం. మొదట్లో విప్పడమే వచ్చేది. స్ప్రింగు చేతిలోంచి ఎగిరిందంటే అది ఏ బూటులో పడిందో దేవుడికే తెలియాలి. ఆకురాయి పట్టి పట్టి వేళ్ళు బొబ్బలెక్కాయి. చివరికి ఒకరోజు హార్లన్ పిస్తోలులో తూటాను కొట్టే సూది తీసేసి, ఇంక అది పేలదని పదిసార్లు పరీక్షించుకుని, దాన్ని ఆయన ఒళ్ళో పెట్టింది.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ పని చేతికొచ్చాక చెయ్యి ఊరుకోదు. చుట్టుపక్కల పశువుల కాపర్లు తుప్పు పట్టినవి తెస్తే బాగుచేసిచ్చింది. నల్లగా మెరుగు పెట్టడం నేర్చుకుంది. హార్లన్ పుట్టినరోజుకు ఆయన పిస్తోలును కొత్తదానిలా చేసివ్వాలని ముచ్చటపడింది. పాత వాటిని సానపట్టి మెరుగు పెట్టొద్దని పాఠాల్లో చదివింది కూడా. ధర పడిపోతుందని అమ్ముకునేవాళ్ళకు చెప్పిన మాట అది అనుకుంది.

మధ్యాహ్నం జోలీన్ క్యారెట్ కేకు పట్టుకుని వచ్చింది. తండ్రి నుదుటి మీద ముద్దు పెట్టుకుంటే ఆయన మర్యాదగా తల వంచాడు. కేకు తినడం అయ్యాక లియోనా గుడ్డలో చుట్టిన పిస్తోలు తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది. ఆమె గుండె పెళ్ళికూతురి గుండెలా కొట్టుకుంటోంది.

హార్లన్ గుడ్డ విప్పాడు. కాటుక నలుపులో తళతళలాడుతోంది. ఆయన బొటనవేలు దాని పక్క మీదికి వెళ్ళింది. అక్కడే కాసేపు తచ్చాడింది. తిప్పి రెండో పక్క తడిమాడు. అంచులు తడిమాడు. మొహంలో ఉన్న కాస్త వెలుగూ ఆరిపోయింది.

"ఇది నాది కాదు."

"నీదే హార్లన్. నేనే మెరుగు పెట్టాను. బావుంది కదూ?"

"నాది కాదు!" ఆయన దాన్ని బల్ల మీద పడేసి లేచాడు. "నాది ఎవరు తీశారు? ఈ ఇంట్లో దొంగలున్నారు!"

సొరుగులు లాగాడు. మంచం మీది దుప్పట్లు విసిరేశాడు. ఆపబోయిన జోలీన్‌ను తోసేస్తే ఆమె మోచెయ్యి గోడకు కొట్టుకుంది. లియోనా పిస్తోలు పట్టుకుని ఆయన వెనకే తిరుగుతూ, "చూడు, మళ్ళీ చూడు," అంటోంది. ఆయన చూడలేదు. చివరికి అలసి, పడకగదిలో మంచం అంచున కూలబడ్డాడు.

లియోనా వెనక గదిలోకి వెళ్ళి బల్ల ముందు కూర్చుంది. జోలీన్ మోచెయ్యి పట్టుకుని వెంటే వచ్చింది.

"ఇన్నేళ్ళూ తడిమి తడిమి ఆయనే అరగదీసుకున్న చోటమ్మా అది. ఆ గుర్తు పట్టుకునే కదా ఆయన ఉన్నది. దాన్ని నున్నగా చెరిపేశావా?"

"బాగుచేద్దామనుకున్నానే."

"ఎవరు అడిగారు బాగుచెయ్యమని? నిజం చెప్పు. ఇదంతా నాన్న కోసమేనా, నీ సరదా కోసమా?"

ఆ మాట సూటిగా తగిలింది. లియోనా తలెత్తింది. "సరదానే అనుకో! పొద్దున లేస్తే ఆయన స్నానం, ఆయన మందులు, ఆయన అడిగిందే అడగడం. ఈ గదిలో కూర్చుంటే ఒక్క గంట నా చేతులు నావి. నేను పట్టుకుంటే పాడైంది బాగుపడుతుందని ఇక్కడే అనిపించింది. ఆయన విషయంలో నేనేం చేసినా ఏదీ బాగుపడదు జోలీన్. ఏదీ!"

జోలీన్ తల్లి చేతిలోని పిస్తోలు తీసి బల్ల మీద పెట్టింది. తర్వాత గొంతు తగ్గించి, "బేరం గుర్తుందా అమ్మా?" అంది.

"ఉంది."

"రేపే హోముకు ఫోను చేస్తాను. నన్ను తిట్టుకో, ఫరవాలేదు."

కళ్ళు తుడుచుకుంటూ జోలీన్ వంటింట్లోకి వెళ్ళింది. లియోనా ఆ నల్లటి పిస్తోలును చూస్తూ ఉండిపోయింది. గీత పడితే తియ్యొచ్చు, తుప్పు పడితే రాల్చొచ్చు. ఒక మనిషి చేతి అరుగుదలను తిరిగి పెట్టే విద్య ఏ పాఠంలోనూ లేదు.

గుమ్మంలో అడుగుల చప్పుడైంది. హార్లన్. కోటు వేసుకుని, టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఆమె వంక కొత్తమనిషిని చూసినట్టు చూశాడు.

"క్షమించాలి అమ్మా. తుపాకీలు బాగుచేసేది ఇక్కడేనా?"

ఆమె బల్ల మీది పిస్తోలు కనబడకుండా గుడ్డ కప్పింది. "ఇక్కడేనండి. కూర్చోండి."

ఆయన స్టూలు మీద కూర్చున్నాడు. "నా పిస్తోలు పోయింది. మీ దగ్గరకు ఎవరైనా తెస్తారేమోనని చెప్పి పోదామని వచ్చాను."

"ఎలా ఉంటుందండీ?"

"పాతది. పక్కన నలుపు పోయి తెల్లగా అరిగి ఉంటుంది. చూపుకు బాగోదు లెండి." ఆయన టోపీ అంచు సవరించుకున్నాడు. "డ్యూటీ దిగి ఇంటికి రాగానే దాన్ని మా ఆవిడ చేతికిచ్చేవాణ్ణి. ఆవిడ తీసుకెళ్ళి అల్మరాలో పెట్టేది. పెట్టాక గానీ నాకు ఇల్లు చేరినట్టు ఉండేది కాదు. ఎంత పొద్దుపోయినా మేలుకునే ఉండేది పిచ్చిది."

లియోనా బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. సాయంత్రాలు ఆయన దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఎవరి కోసం కూర్చున్నాడో ఇప్పుడు అర్థమైంది. అదే ఇంట్లో, అదే గదిలో తిరుగుతూ, ఒక్కనాడైనా చెయ్యి చాపి అడగలేదు తను. ఇచ్చేస్తే మళ్ళీ వెతుక్కుంటాడేమోనని, ఒళ్ళోనే ఉండనిచ్చింది.

"మీ ఆవిడ ఎక్కడుందండీ?" అంది, కన్నీళ్ళు మింగుతూ.

"వస్తుంది. ఎక్కడికో వెళ్ళినట్టుంది, ఈ మధ్య కనబడటం లేదు." ఆయన ముందుకు వంగి గొంతు తగ్గించాడు. "పోయిందని మాత్రం ఆవిడకు చెప్పకండి. నేనేదో పారేశాననుకుని బాధపడుతుంది. దొరికితే నాకు కూడా వద్దు, ఆవిడ చేతికే ఇవ్వండి. లియోనా అని అడిగితే ఎవరైనా చెబుతారు."

వంటింటి గుమ్మంలో జోలీన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. లియోనా కూతురివైపు చూసి, సరే చెయ్యి అన్నట్టు మెల్లగా తల ఊపింది. రేపటి ఫోను సంగతి ఆ ఊపులోనే తేలిపోయింది. జోలీన్ వచ్చి తల్లి వెనక నిలబడి, రెండు చేతులూ ఆమె భుజాల మీద వేసింది.

"నాన్నతో పాటు నువ్వూ బిల్లింగ్స్ వచ్చెయ్యమ్మా, మా ఇంట్లో ఉండు," అంది చెవిలో. "రోజూ ఇద్దరం హోముకు వెళ్ళి నాన్న దగ్గర కూర్చుందాం."

హార్లన్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. పొద్దు వాలుతోంది. ఆయన చేతులు ఖాళీగా ఒళ్ళో పడి ఉన్నాయి, బొటనవేలు మాత్రం అరచేతి మీద కదులుతోంది.

"అమ్మా, ఒక్కమాట," అన్నాడు బెరుగ్గా. "ఆవిడ వచ్చేదాకా కాస్త నాతో కూర్చుంటారా? ఒక్కణ్ణే ఉండాలంటే భయంగా ఉంది."

లియోనా తన స్టూలు ఆయన దగ్గరకు జరిపి, ఆయన చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

"కూర్చుంటానండి," అంది. "ఆవిడ వచ్చేదాకా ఎక్కడికీ వెళ్ళను."